కారణం తర్వాత రాస్తాను

గాజు తలుపుకి అవతల మామయ్య కాగితాలు సర్దుతున్నాడు. ఇవతల బెంచీ మీద నేను, ఆయన ఎప్పుడో రాసిన ఒక్క అంకెని ఉంచాలా తీసెయ్యాలా అని తల పట్టుకుని కూర్చున్నాను, చేతిలో ఉన్నది గంట సమయం. ఆ గంట ఇద్దరిదీ. లోపలికి తీసుకెళ్తూ వ్యాయామం చేయించే అమ్మాయి అంది, "గంటలో తెచ్చేస్తానండీ, మధ్యలో తొంగి చూడకండి, ఆయన ధ్యాస పోతుంది" అని, ఇంచుమించు అప్పుడే నా ఒళ్లోని లాప్‌టాప్‌లో గడియారం కూడా ఆ మాటే మరోలా చెప్పాడు: "గంటలో తలుపులు మూసేస్తున్నా. రావాల్సిన మార్పులు వచ్చెయ్యండి." గడియారం మనిషే. మా ఎడిటర్ ప్రోగ్రాము కొత్త విడుదలలన్నీ చూసుకునేవాడు, ఏ ఊళ్లో ఉంటాడో, పొడుగో పొట్టో ఎవరికీ తెలియదు, చెప్పిన వేళకి ఒక్క క్షణం అటూ ఇటూ కాడని మాత్రం తెలుసు. ఈసారి తలుపు మూశాడంటే మళ్లీ తెరిచేది వచ్చే ఏడాదే. తొంగి చూడొద్దన్నారు కాబట్టి తొంగి చూశాను. మామయ్య ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టుకుంటున్నాడు, పరాయి వాళ్ల వస్తువేదో జాగ్రత్తగా తెచ్చిపెట్టినట్టు.

ఆ చేతితోనే కదూ ఇదంతా రాశాడు. ఎడమవైపు రాసుకుంటూ పోతే కుడివైపు పేజీ అచ్చులో ఎలా పడుతుందో అలాగే కనిపించే ఎడిటర్, ఎక్కడ వరుస విరగాలో, ఎక్కడ బొమ్మ కూర్చోవాలో తనే చూసుకునేది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల కోడ్ విప్పి చూడొచ్చు, బాగుచేసి తిరిగి పంపొచ్చు. మొదట్లో ఆయన ఒక్కడే. తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్లు పదుల కొద్దీ వచ్చి చేరారు. ఆ తర్వాత నేను, చదువు అయ్యీ అవ్వకముందే, "ఊరికే కూర్చోకపోతే ఈ బొమ్మలు పేజీ దాటి ఎందుకు పారిపోతున్నాయో చూడరాదూ" అని ఆయన అన్న ఒక్క మాట పట్టుకుని లోపలికి దిగి, ఇంకా పైకి రాలేదు. ఆర్నెల్ల కిందట ఒక ఉదయం పళ్లు తోముకుంటూ మామయ్య బ్రష్షు కింద పడేశాడు. వంగి తీసుకోలేకపోయాడు, పిలవలేకపోయాడు. అప్పటినుంచి బాగోగులన్నీ నావి. మాట పోయింది, కుడివైపు పోయింది, లోపల ఎంత మిగిలిందో మాత్రం ఎవరూ చెప్పరు. డాక్టరు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి, "ఎంత అర్థమవుతోందో ఇప్పుడే అనలేమమ్మా" అన్నాడు. అత్తయ్యకి ఆ అనుమానమే లేదు. ఆవిడ ఆయనతో రోజంతా మాట్లాడుతుంది, జవాబులు కూడా తెచ్చుకుంటుంది. "ఫ్యాను ఎక్కువైంది కదూ, తగ్గించనా, తగ్గిస్తాలే" అంటుంది, ఆయన కనుబొమ్మ కాస్త కదిలితే "చూశావా, తగ్గించమన్నాడు" అని నా వైపు గెలిచినట్టు చూస్తుంది. ఆవిడ ప్రశ్నలోనే జవాబు ఉంటుంది, అదే నా గొడవ. జవాబు లోపల దాచుకోని ప్రశ్న ఒక్కటంటే ఒక్కటి ఆయన్ని అడగాలని ఆర్నెల్లుగా వెతుకుతున్నాను. దొరకలేదో, దొరికినా అడగడానికి భయమో.

సరే, అంకె. వేల వేల వరుసల కోడ్‌లో ఒక్క వరుస. పేజీ మీద పడే సమస్తాన్నీ, అక్షరాల్నీ బొమ్మల్నీ గీతల్నీ, వెంట్రుకవాసి కుడికి జరుపుతుంది, అంతే దాని ఉద్యోగం. దాని పక్కనే మామయ్య వదిలిన మాట: దీన్ని కదపొద్దు. కారణం తర్వాత రాస్తాను. ఎన్ని ఏళ్లయిందో ఆ తర్వాత. కోడ్ రాసేవాళ్లందరికీ ఉన్న రోగమే ఇది, పని ముందు పూర్తి చేసి కారణాన్ని రేపటికి వాయిదా వేస్తారు, రేపు ఇంకో పని వస్తుంది. కానీ మామయ్యకి ఉండకూడదు ఆ రోగం, ఎందుకంటే మా ప్రాజెక్టులో మొట్టమొదటి నియమం, ఎవరు చేరినా ముందు చదవాల్సింది, ఆయన రాసిందే: కారణం రాయని మార్పు లోపలికి రాదు. ఎన్ని మంచి మార్పుల్ని ఈ ఒక్క మాటతో గుమ్మంలోంచే వెనక్కి పంపించాడో. నావీ పంపాడు. "అంటే ఇంట్లోవాళ్లకి కూడా కనికరం లేదా మామయ్యా" అంటే "ఇంట్లోవాళ్లయితే ఇంకా గట్టిగా రాయాలి" అన్నాడు, చాక్లెట్టు చేతిలో పెట్టి మరీ.

కారిడార్ చివర నీళ్ల యంత్రం గుడగుడమంటోంది. తడిగుడ్డ పెట్టిన నేల మీద ఎవరివో చెప్పుల అచ్చులు, కుడికాలిది ఎడమకాలికంటే లోతుగా పడింది, కుంటుతున్న మనిషేమో. ఇలాంటివే కనిపిస్తాయి నాకు, ఇటూ అటూ సరిపోనివి. ప్రెస్సావిడకీ అదే కన్ను. స్కూలు పుస్తకాలు అచ్చువేసే ఆవిడ, ఎప్పుడూ చూడలేదు, ఉత్తరాల్లో తిట్టు కూడా మర్యాదగా ఉంటుంది. కాగితానికి రెండువైపులా అచ్చు వేసి కిటికీకి ఆనించి ఫోటో తీసి పంపింది. వెలుతురులో అటుపక్క వరుసలు ఇటుపక్క వరుసల కింద దాక్కోవాలి, దాక్కోలేదు, నీడలా పక్కకి తొంగిచూస్తున్నాయి. "మా మెషీను తప్పనుకుని మెకానిక్కుని మూడుసార్లు పిలిచాను. అతను మా మీద కేసు పెట్టేలా ఉన్నాడు. తప్పు మీ దగ్గరుంది" అని రాసింది. నిజమే. ముందువైపు కుడికి వెంట్రుకవాసి జరిగింది, వెనకవైపూ కుడికే జరిగింది, తిప్పి చూస్తే కుడి ఎడమవుతుంది కదా, తేడా రెండింతలైంది. ఒకవైపే అచ్చు వేసేవాళ్లకి జన్మలో కనిపించదు. ఈ విడుదలలో సరిచేస్తే పిల్లల పుస్తకాలన్నీ మాతోనే చేస్తుంది, లేకపోతే ఈ వారమే వేరే ఎడిటర్‌కి మారిపోతుంది. ఆవిడ మారితే ఆవిడని చూసి నేర్చుకున్న ప్రెస్సులన్నీ మారతాయి. మామయ్య ఎడిటర్ పేరు ఎవరికీ గుర్తుండదు. ఆయనకే గుర్తుందో లేదో.

అయినా ఎందుకు? అదే నన్ను తినేస్తోంది. తీసెయ్యడం చిటికెలో పని. రాసి పెట్టేశాను కూడా, పాత పత్రాలు తెరిస్తే పాత లెక్కే నడిచేలా, కొత్తగా మొదలుపెట్టే వాటికి మాత్రం జరుగుడు లేకుండా. ఎందుకు పెట్టాడో తెలిస్తే చాలు. ఈ అంకె చుట్టూ ఎన్ని కథలు అల్లారో. కుట్టు కోసం వదిలిన జాగా అన్నాడొకడు, మరి కుట్టు ఎడమపక్క వచ్చే పేజీకీ కుడిపక్క వచ్చే పేజీకీ ఒకే వైపు ఎందుకు వదులుతారు? సన్న అక్షరం మందంలో సగం అన్నాడొకడు, కొలిచాను, కాదు. ఒక ప్రొఫెసరుగారైతే సభ పెట్టి, మనిషి చూపు సహజంగా ఎడమకి వాలుతుంది కాబట్టి పేజీని కుడికి జరిపితే కంటికి నిండుగా ఉంటుందని, ఇది రూపకర్త సౌందర్యదృష్టికి పరాకాష్ఠ అని గంటసేపు ఉపన్యసించాడు. తెర మీద ఆ వీడియో చూస్తూ మామయ్య దగ్గు వచ్చినట్టు వంటింట్లోకి వెళ్లిపోయాడు. అప్పుడు అడగాల్సింది. దగ్గు కాదది, నవ్వు. ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఉపన్యాసం విని మరో రెండు ఎడిటర్లవాళ్లు అదే అంకెని తమ కోడ్‌లో కూడా పెట్టుకున్నారు, కళ కోసమని.

"కారణం?" అని మెరిసింది తెర మీద. ముళ్లపంది. ఏ మార్పు వచ్చినా ముందు ముళ్లు నిక్కబొడుచుకునే మనిషి, ఆయన సరే అంటేనే ఏదైనా లోపలికి వెళ్లేది. ఆ పేరు మేం పెట్టాం, ఆయనకి తెలుసు, తన బొమ్మ స్థానంలో ముళ్లపంది ఫోటోనే పెట్టుకున్నాడు.

"రెండువైపులా అచ్చు కలవట్లేదు" అని రాశాను.

"అది తీసెయ్యడానికి కారణం. పెట్టడానికి కారణం అడుగుతున్నా. చెప్పు, తీసెయ్. చెప్పలేవా, దండం పెట్టి పక్కకి జరుగు. పోయినసారి ఇలాగే 'పనికిరానిది' అని ఒక వరుస పీకితే సంగీతం పుస్తకాలన్నీ మూగబోయాయి."

"ఆయన్ని అడగలేం కదా."

అవతల టైపు చేస్తున్నట్టు చుక్కలు మెరిశాయి, ఆగాయి, మళ్లీ మెరిశాయి. "ఎలా ఉన్నారు?" అని వచ్చింది. అన్ని ముళ్లూ ముడుచుకుని.

గాజులోంచి చూశాను. ఆ అమ్మాయి మామయ్య ముందు ఒక చెక్కపెట్టె పెట్టింది, పైన సన్నటి చీలిక ఉంది. కాగితాలు ఒక్కొక్కటే తీసి కుడిచేత్తో ఆ చీలికలోకి దించాలి, ఎడమచెయ్యి సాయం పట్టొచ్చు. మామయ్య తీశాడు. దించబోయాడు. ఆగి, ఎడమచేతిని ఛాతీ మీదుగా అడ్డంగా అటువైపుకి చాచి, కాగితం కుడి అంచు మీద చూపుడువేలితో టక్కున కొట్టాడు. ఆ అమ్మాయి చెయ్యి పట్టి వెనక్కి తెచ్చింది. మూసిన తలుపులోంచి కూడా వినిపిస్తోంది, "అలా కాదు సార్, నేరుగా పెట్టెయ్యండి, శభాష్." ఇంకో కాగితం. మళ్లీ అటు చాచాడు, మళ్లీ టక్. పోయిన వారం చెప్పింది ఈ అమ్మాయి, ఒక్కోసారి మెదడు అలా ఒకే కదలిక దగ్గర చిక్కుకుపోతుందండీ, అరిగిన రికార్డులా, పట్టించుకోవద్దు అని. పట్టించుకోలేదు నేను. చిక్కుకుపోయిందనే అనుకున్నాను. కానీ చిక్కుకుపోయిన చెయ్యి అన్నిటి మీదా కొట్టాలి కదా, నీళ్ల గ్లాసు మీద కొట్టదేం, దుప్పటి మీద కొట్టదేం, కాగితం మీదే ఎందుకు, అదీ దగ్గరగా ఉన్న ఎడమ అంచు వదిలేసి అంత కష్టపడి కుడి అంచు మీదే ఎందుకు?

టక్. ఎక్కడో విన్నాను దీన్ని. చూడ్డం కాదు, విన్నాను. చెవి నేలకి ఆనించి విన్నాను. మామయ్య ఇంట్లో ముందుగది, సెలవుల్లో మధ్యాహ్నాలు, బల్ల కింద చల్లటి గచ్చు మీద పడుకునేదాన్ని, పైన ప్రింటర్, సూదులతో పొడిచి అచ్చువేసే పాతకాలపుది, కర్ర్ కర్ర్‌మని బల్లంతా వణికేది, ఆ వణుకు నా వీపులోకి దిగేది. అత్తయ్య టైపు పని చేసేది అప్పుడు, పరిశోధన చేసే విద్యార్థుల పుస్తకాలు, ఇంటినిండా కాగితపు దొంతరలు, వాటి మీద కూర్చుంటే వీపు చిట్లేది. ముందు టక్ టక్, తర్వాత కర్ర్. టక్ టక్, కర్ర్. అదే నా జోల. ఒక సెలవుల్లో వెళ్లి బల్ల కింద పడుకుంటే నిద్ర పట్టలేదు. ఏదో తక్కువైంది. కర్ర్ ఉంది, టక్ టక్ లేదు. చిన్నపిల్లని, ఎవర్ని అడుగుతాను, బల్ల కింద చప్పుడు తగ్గిందని?

అత్తయ్య వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది, కమలాపండు ఒలుస్తూ. బొటనవేలితో, నడిమివేలితో ఒలుస్తుంది, చూపుడువేలు మాత్రం పెళ్లికొచ్చిన దూరపు చుట్టంలా పక్కన నిలబడి చూస్తుంటుంది. చలిగా ఉంటే ఆ వేలి కణుపు నొప్పంటుంది. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, ఎప్పుడూ చూడలేదు.

"అత్తయ్యా, ఆ పాత ప్రింటర్‌లో కాగితం పెట్టేముందు నువ్వు దాన్ని కొట్టేదానివి కదూ?"

"ఏ ప్రింటరే? ఆ దిక్కుమాలినదా!" అత్తయ్య మొహం పాత శత్రువు కనిపించినట్టు వెలిగింది. "కొట్టకపోతే మాట వినేదా అది? కాగితాన్ని కుడికి లాక్కుపోయేది. కాగితం కుడికి పోతే అచ్చు ఎడమకి పడేది. ఒక్కో కాగితాన్నీ అంచు మీద కొట్టి కొట్టి నేరుగా నిలబెట్టాలి. రోజుకి ఎన్ని కాగితాలని? ఈ వేలు అప్పుడు పోయిందే. మీ మామయ్య పక్కన కూర్చుని తనూ కొట్టేవాడులే, ఆయన కొడితే మరీ వంకర పోయేది."

"తర్వాత మానేశావు."

"ఆయనే ఒకరోజు అన్నాడు, ఇక కొట్టక్కర్లేదు, ఊరికే పెట్టు అని. పెడితే నేరుగానే వచ్చింది. బాగుచేశావా అంటే ఊఁ అన్నాడు." ఒక తొన నా చేతిలో పెట్టింది. "నాకోసం ఆయన చేసింది ఆ ఎడిటర్ ఒక్కటి. అదీ తీసుకెళ్లి లోకమంతా పంచిపెట్టాడు."

నేను తొన నోట్లో పెట్టుకోలేదు. చేతిలోనే ఉంది. బాగుచెయ్యలేదు అత్తయ్యా, ఆ ప్రింటర్ చచ్చేదాకా కుడికే లాగింది, ఆయన ఎడిటర్‌లో ఒక్క వరుస రాశాడు, అచ్చునంతా అంతే మేర కుడికి తోసేశాడు, రెండు వంకర్లూ కలిసి నేరుగా కనిపించాయి, నీ వేలు ఆగింది. ఆపైన ప్రింటర్ పాతసామాన్లవాడికి పోయింది. అంకె ఉండిపోయింది. ఎక్కడెక్కడి చదువులు, ఎక్కడెక్కడి పద్యాలు, పరీక్షలు, ప్రేమలేఖలు కూడా ఉండుంటాయి, ఇన్నేళ్లూ అన్నీ వెంట్రుకవాసి కుడికి ఒరిగే ఉన్నాయి, మా ముందుగదిలో ఒక యంత్రం ఎడమకి అచ్చువేసేదని. ప్రొఫెసరుగారి సౌందర్యదృష్టి! నవ్వొచ్చింది, మామయ్య దగ్గులాంటి నవ్వే, అత్తయ్య నీళ్లు తాగమంది. కారణం తర్వాత రాస్తానన్నాడు. ఏమని రాస్తాడు, లోకమంతా చదివే చోట, మా ఆవిడ వేలు నొప్పెడుతోందని?

ఊహే కదా, అన్నాయి లోపల ముళ్లు. బాగా అతికింది, అంతమాత్రాన నిజమైపోదు. ప్రొఫెసరుదీ అతికింది. తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ లోపల ఉన్నాడో లేడో. అప్పుడు తట్టింది, ఆర్నెల్లుగా వెతుకుతున్న ప్రశ్న నా ఒళ్లోనే ఉందని. పాత పేజీ, కొత్త పేజీ చూపిస్తే చాలు. కొట్టకపోతే? అన్నిటి మీదా కొడితే? తెలియకుండా ఉన్నంతకాలం ఆయన ఉన్నాడనుకోవచ్చు.

అనుకున్నదానికంటే ముందే తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీలో మామయ్య, నుదుటి మీద చెమట. "ఇవాళ కూడా కొట్టారండీ" అంది ఆ అమ్మాయి నొచ్చుకుంటూ. "పర్లేదు" అన్నాను. తెర మీద "పావుగంట" అన్నాడు గడియారం. కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను, లాప్‌టాప్ ఆయన ఒళ్లో పెట్టాను, ఒక పేజీ తెర నిండా పెద్దది చేశాను, చుట్టూ అంచుల గీతలతో. ఏమీ చెప్పలేదు. ప్రశ్న కూడా అడగలేదు. అత్తయ్య ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను.

పాత లెక్క పేజీ అది. మామయ్య చూశాడు. చాలాసేపు చూశాడు. ఎడమచెయ్యి లేచింది, ఛాతీ మీదుగా అటు సాగింది, తెర కుడి అంచు మీద టక్కున కొట్టింది.

మీట నొక్కాను. జరుగుడు తీసేసిన పేజీ. చెయ్యి లేచింది. సగం దూరం వచ్చింది. గాలిలో ఆగింది, కాగితం తూచేవాడి చెయ్యిలా. మెల్లగా దిగి ఒళ్లో పడుకుంది.

మళ్లీ పాత పేజీ పెట్టాను. ఈసారి ఆయన తెర వైపు చూడలేదు, నా వైపు చూశాడు, చిన్నప్పుడు ఒకే లెక్క రెండోసారి తప్పు చేసినప్పుడు చూసిన చూపు, చెప్పాను కదే అనే చూపు, చూసి టక్ టక్‌మని రెండు దెబ్బలు వేశాడు, లాప్‌టాప్ ఒళ్లోంచి జారబోయింది.

"ఏంటే ఆ ఏడుపు, ఏమన్నాడు?" అంది అత్తయ్య.

"వంకరగా ఉందన్నాడు."

"అనడూ మరి! ఉన్నాడని నేను మొత్తుకుంటూనే ఉన్నాను, వింటేగా."

కళ్లు తుడుచుకుని ఆ వరుస దగ్గరికి వెళ్లాను. కారణం తర్వాత రాస్తాను అన్న మాటని చెరపలేదు. దాని కింద రాశాను: ఇదీ ఆ కారణం. ఇంట్లో ప్రింటర్ కాగితాన్ని కుడికి లాగేది. సరిచెయ్యడానికి అత్తయ్య ప్రతి కాగితాన్నీ వేలితో కొట్టాల్సి వచ్చేది. వేలు నొప్పెట్టేది. ఇప్పుడా ప్రింటర్ లేదు. రాసినవాడిని అడిగి తీస్తున్నాం. చదివి వినిపించాను, పైకే, మామయ్యకి. కనుబొమ్మ కదిలింది. పెదవి ఎడమ చివర ఏదో మొదలై కుడివైపుకి చేరలేక అక్కడే నవ్వులా నిలబడిపోయింది. పంపించాను.

చుక్కలు మెరిశాయి, ఆగాయి. గడియారం ఏమీ అనలేదు, అంటే ఇంకా తెరిచే ఉంచాడు. చుక్కలు మళ్లీ మెరిశాయి.

"ఒప్పుకున్నా" అని వచ్చింది ముళ్లపంది నుంచి. పక్కనే పచ్చ గుర్తు. తర్వాత ఇంకో వరుస: "ఆవిడ వేలు ఇప్పుడెలా ఉంది?"

తల తిప్పి చూశాను. అత్తయ్య మిగిలిన తొనలు తినిపించబోయినట్టుంది, ఆ చూపుడువేలు కాస్తా మామయ్య ఎడమ పిడికిట్లో చిక్కుకుంది, ఆవిడ "వదులు, జిగురుగా ఉంది, వదులు" అంటోంది, ఆయన వదలడం లేదు.

బాగుందని రాశాను.